భాగం - 9: కాలనేపథ్య ధారావాహికల్లో దుస్తులు - పాత్ర చిత్రణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఆహార్యం: మౌలిక విషయాలు
9.3 దుస్తుల రూపకర్త పని
9.4 ఉదాహరణ: 'డౌన్‌టన్ ఆబీ'
9.5 మరొక ఉదాహరణ: 'మ్యాడ్ మెన్'
9.6 దుస్తులను విశ్లేషించే పద్ధతి
9.7 విశ్లేషణలో తీసుకోవలసిన జాగ్రత్తలు
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 కృత్యం
9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు
9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- కాలనేపథ్య ధారావాహికలో దుస్తులు చేసే రెండు రకాల పనులను వేరు చేసి చెప్పగలుగుతారు.
- దుస్తుల రూపకర్త పనిలోని దశలను వివరించగలుగుతారు.
- ఒక పాత్ర వేసుకున్న దుస్తుల ఆధారంగా ఆ పాత్ర స్థితిని, స్వభావాన్ని, మార్పును విశ్లేషించగలుగుతారు.
- అటువంటి విశ్లేషణకు ఉన్న పరిమితులను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

సంభాషణ, నటన, రంగాలంకరణ కలిసి పాత్రను ఎలా నిలబెడతాయో ఇంతకు ముందు భాగాల్లో తెలుసుకున్నారు. ఈ భాగంలో దుస్తుల గురించి తెలుసుకుందాం.

టీవీలో పాత కాలపు కథ ఒకటి చూస్తున్నామనుకోండి. ఒక మనిషి గదిలోకి వస్తాడు. ఇంకా నోరు విప్పలేదు. అయినా అతను ఆ ఇంటి యజమానా, నౌకరా, చుట్టమా, ఆ ఇంటికి కొత్తా అన్నది మనకు కొంత తెలిసిపోతుంది. ఎలా తెలిసింది అని అడిగితే, చాలామంది "చూడగానే తెలిసింది" అంటారు. ఆ చూడడంలో ఎక్కువ భాగం దుస్తులను చూడడమే. దాన్ని గమనించి, కారణాలతో చెప్పగలగడమే ఈ భాగంలో మనం నేర్చుకోవలసింది.

కథ జరిగే కాలం ఆ ధారావాహిక తయారైన కాలానికి ముందుదై, ఆ కాలపు జీవనాన్ని చూపించడం కథలో ముఖ్యమైన అంశమైతే దాన్ని కాలనేపథ్య ధారావాహిక అంటారు. వాడుకలో 'పీరియడ్ డ్రామా' అన్న మాట కూడా ఉంది. ఇటువంటి ధారావాహికలో దుస్తులు రెండు పనులు చేయాలి. మొదటిది, ఇది ఫలానా కాలం అని చెప్పడం. రెండోది, ఈమె ఫలానా మనిషి అని చెప్పడం.

మొదటి పని అందరికీ కనిపిస్తుంది. రెండో పని సులభంగా కనిపించదు. కాలం అందరికీ ఉమ్మడి కనుక దాన్ని చూపినంత మాత్రాన పాత్ర తెలియదు. ప్రతి కాలమూ ఎవరు ఏం వేసుకోవాలో, ఎప్పుడు వేసుకోవాలో కొన్ని నియమాలు పెడుతుంది. ఆ నియమానికి ఒక మనిషి ఎంత దగ్గరగా ఉన్నాడు, ఎంత దూరంగా ఉన్నాడు, ఆ దూరం తాను కోరుకున్నదా లేక గత్యంతరం లేక వచ్చిందా అని చూసినప్పుడు పాత్ర తెలుస్తుంది. ఈ భాగం మొత్తానికి ఇదే మూలసూత్రం.

9.2 ఆహార్యం: మౌలిక విషయాలు

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. దుస్తులు, ఆభరణాలు, ముఖవర్ణాలు వంటివి ఆహార్యం కిందికి వస్తాయి. గమనించవలసిన సంగతి ఏమిటంటే, నాట్యశాస్త్రం వీటిని అలంకారంగా పక్కన పెట్టలేదు, అభినయంలో ఒక విధంగా లెక్కించింది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడను తలచుకోండి. అది తలకట్టులో భాగమే అయినా ఆమె అతిశయానికి గుర్తుగా నిలిచింది.

టెలివిజన్‌లో ఆహార్యానికి రంగస్థలంలో లేని రెండు ప్రత్యేకతలు ఉన్నాయి.

మొదటిది, దగ్గరితనం. టీవీలో ముఖాన్ని, మెడను, భుజాలను దగ్గరగా చూపే దృశ్యాలు ఎక్కువ. అందువల్ల కాలరు, చెవిపోగులు, టోపీ, మెడ దగ్గరి కుట్టు వంటి చిన్న వివరాలు ఎక్కువ మాట్లాడతాయి. నాటకశాలలో వెనక వరుసలో కూర్చున్నవారికి కనిపించని చిరుగు టీవీలో స్పష్టంగా కనిపిస్తుంది.

రెండోది, నిడివి. ధారావాహిక ఏళ్ల తరబడి సాగుతుంది. ఒక పాత్ర దుస్తులు నెమ్మదిగా మారుతూ పోవడాన్ని, లేదా చుట్టూ అందరూ మారుతున్నా ఆ పాత్ర మారకపోవడాన్ని చూపించే వీలు ఉంటుంది. అలాగే వేసుకున్న బట్టలనే మళ్లీ వేసుకున్నట్టు చూపించి, ఆ మనిషికి ఉన్నవి ఎన్ని జతలో చెప్పవచ్చు.

9.3 దుస్తుల రూపకర్త పని

దుస్తుల రూపకర్త చేసే పని బట్టలు కుట్టించడంతో మొదలు కాదు, చదవడంతో మొదలవుతుంది. దశలు స్థూలంగా ఇవి:

1. రచనను విడదీయడం: ప్రతి దృశ్యంలో ఎవరున్నారు, ఏ సంవత్సరం, ఏ పూట, ఏ సందర్భం, అంతకు ముందు ఏం జరిగింది అని పట్టిక వేసుకుంటారు. ఒక పాత్రకు మొత్తం ఎన్ని మార్పులు కావాలో ఈ పట్టికలోనే తేలుతుంది.

2. పరిశోధన: ఆనాటి ఫొటోలు, చిత్రపటాలు, ఫ్యాషన్ పత్రికలు, దుకాణాల కేటలాగులు, మ్యూజియంలలో మిగిలిన బట్టలు చూస్తారు.

3. సేకరణ: కొన్ని అసలు పాత బట్టలు దొరుకుతాయి. కొన్నిటిని అద్దె దుస్తుల సంస్థల నుంచి తెస్తారు. మిగిలినవి కొత్తగా కుట్టిస్తారు. పాత బట్ట శిథిలమైతే అందులో బాగున్న లేసునో పూసల పనినో తీసి కొత్త దుస్తుల్లో అమర్చడం కూడా ఉంది.

4. కొలత, అమరిక: నటికి ముందుగా ఆ కాలపు లోదుస్తులు తొడిగి, ఆపైన పై దుస్తులు అమరుస్తారు. నడుమును, పక్కలను బిగించే కార్సెట్ వేసుకుంటే మనిషి కూర్చునే తీరు, వంగే తీరు, ఊపిరి తీసుకునే తీరు మారిపోతాయి. అంటే దుస్తులు నటనను కూడా మారుస్తాయి.

5. పాతబరచడం: కొత్తగా కుట్టిన బట్ట కొత్తగానే కనిపిస్తే పాత్రను నమ్మలేం. మోచేతుల దగ్గర అరగదీసి, అంచులు వెలిసిపోయేలా చేసి, మట్టి రంగు పట్టించి బట్టకు వయసు తెస్తారు.

మన దేశం నుంచి మొదటి ఆస్కార్ పొందినది ఒక దుస్తుల రూపకర్త అన్న సంగతి మీరు గుర్తుంచుకోదగింది. 1982లో వచ్చిన 'గాంధీ' సినిమాకు భాను అథైయా, జాన్ మొల్లో కలిసి ఆ బహుమతి అందుకున్నారు. ఆ కథలో సూటు వేసుకున్న బారిస్టరు కొల్లాయి కట్టిన నాయకుడు అవుతాడు. ఆ జీవితంలోని మలుపులను దుస్తులు వదిలేసి చెప్పడం సాధ్యం కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

అ) కాలనేపథ్య ధారావాహికలో దుస్తులు చేసే రెండు పనులు ఏవి?
ఆ) బట్టను 'పాతబరచడం' ఎందుకు అవసరం?

9.4 ఉదాహరణ: 'డౌన్‌టన్ ఆబీ'

బ్రిటన్‌లోని ఐటీవీలో 2010 నుంచి 2015 వరకు ఆరు సిరీస్‌లుగా ప్రసారమైన 'డౌన్‌టన్ ఆబీ'ని ప్రధాన ఉదాహరణగా తీసుకుందాం. దీని సృష్టికర్త జూలియన్ ఫెలోస్. మొదట సుసానా బక్స్‌టన్, ఆ తరువాత కారొలిన్ మెకాల్, చివరి సిరీస్‌లకు ఆనా రాబిన్స్ దుస్తుల రూపకల్పనలో ప్రధాన బాధ్యత వహించారు. మీరు ఈ ధారావాహికను చూడకపోయినా ఇబ్బంది లేదు. కావలసినంత కథ ఇక్కడే చెబుతాను.

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఒక పెద్ద భవంతి. దాని యజమాని గ్రాంథమ్ ప్రభువు రాబర్ట్ క్రాలీ. భార్య కోరా, తల్లి వయొలెట్, ముగ్గురు కుమార్తెలు మేరీ, ఈడిత్, సిబిల్. మేడమీది లోకం వీళ్లది. నేలమాళిగలో వంటగది, నౌకర్ల భోజనాల గది. ఆ కింది లోకానికి బట్లరు కార్సన్, గృహనిర్వాహకురాలు మిసెస్ హ్యూస్ పెద్దలు. కథ 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిన వార్తతో మొదలై 1926 ప్రవేశించే రాత్రితో ముగుస్తుంది. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం ఉంది.

9.4.1 ఆ ఇంటి నియమాలు

పాత్రలను చూడడానికి ముందు నియమాలు తెలుసుకోవాలి.

మేడమీది స్త్రీలు పూటకు ఒక రకం దుస్తులు మారుస్తారు. ఉదయానికి ఒకటి, బయటికి వెళ్లడానికి ఒకటి, రాత్రి భోజనానికి ఒకటి. ఇన్నిసార్లు మార్చుకోవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. వెనక గుండీలు పెట్టడానికి, కార్సెట్ బిగించడానికి, జుట్టు ముడవడానికి పరిచారిక ఉండాలి. కనుక ఆ దుస్తులు ధనాన్నే కాక, మరో మనిషి శ్రమ మీద అధికారాన్ని కూడా చూపిస్తాయి.

పురుషులు రాత్రి భోజనానికి వెనక తోకలు వేలాడే నల్ల టెయిల్‌కోటు, గంజి పెట్టిన తెల్ల చొక్కా, తెల్ల వెయిస్టుకోటు, తెల్ల బో టై వేసుకోవాలి. తోకలు లేని పొట్టి కోటు, నల్ల బో టై అప్పటికి ఇంట్లో చనువుగా ఉండేటప్పటి వేషం. మూడో సిరీస్‌లో నౌకర్ల మధ్య తగాదా వల్ల రాబర్ట్ చొక్కాలు మాయమవుతాయి. ఆయన నల్ల టైతో వస్తే కన్నతల్లే ఆయనను వడ్డించే మనిషనుకుంటుంది. అది హాస్యం కోసం పెట్టిన సన్నివేశం. అయినా ప్రభువుకూ వడ్డించేవాడికీ మధ్య ఉన్న దూరం చూపులో ఒక టై అంత మాత్రమేనని అది మనకు చెప్పేస్తుంది.

నౌకర్లకూ నియమాలున్నాయి. ఆ కాలపు పెద్ద ఇళ్లలో పనిమనిషి పొద్దున శుభ్రం చేసేటప్పుడు అచ్చు వేసిన నూలు గౌను, మధ్యాహ్నం నుంచి నల్ల గౌను, తెల్ల ఏప్రాన్, టోపీ వేసుకునేది. యజమానురాలి సొంత పరిచారికకు ఏప్రాన్, టోపీ ఉండేవి కావు. సాదా నల్ల గౌను వేసుకునేది. నౌకర్లలో ఆమె స్థాయి పైది అని ఆ లేకపోవడమే చెబుతుంది. మిసెస్ హ్యూస్ నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడుతుంది. ఆమె అధికారానికి అంతకు మించిన గుర్తు అక్కర్లేదు.

9.4.2 సిబిల్: నియమాన్ని దాటడం

మొదటి సిరీస్‌లో చిన్న కుమార్తె సిబిల్ కొత్త దుస్తులు కుట్టించుకుంటుంది. రాత్రి భోజనానికి ముందు అందరూ హాలులో చేరినప్పుడు ఆమె మెరిసే నీలిరంగు పైవస్త్రం, కింద వదులుగా, చీలమండల దగ్గర కుచ్చు పెట్టిన పైజామాతో వస్తుంది. ఇంట్లోవాళ్లు నిర్ఘాంతపోతారు. కిటికీ అవతలి నుంచి ఇంటి కారు డ్రైవరు టామ్ బ్రాన్సన్ చూసి నవ్వుకుంటాడు.

దీని వెనక చరిత్ర ఉంది. 1910లో రష్యన్ బాలే బృందం ప్యారిస్‌లో ప్రదర్శించిన 'షెహరజాద్' దుస్తులు యూరప్‌ను ఊపేశాయి. 1911లో ప్యారిస్ దుస్తుల రూపకర్త పాల్ పొయిరే స్త్రీలకు పైజామా తరహా దుస్తులను ప్రవేశపెట్టాడు. కనుక సిబిల్ దుస్తులు కాలానికి సరిపోతాయి. అయితే వాటిని వేసుకున్నది లండన్ విలాసవతి కాదు, గ్రామసీమలోని ప్రభువు కూతురు. స్త్రీలకు ఓటు హక్కు ఉండాలని వాదించే పిల్ల. తమ ఇంటి పనిమనిషికి ఆఫీసులో గుమస్తా ఉద్యోగం రావాలని పాటుపడిన పిల్ల. ఈ నమ్మకాలను ఆమె నోటితో చెప్పినప్పుడు ఇంట్లోవాళ్లు విని ఊరుకున్నారు. దుస్తులతో చెప్పినప్పుడు ఊరుకోలేకపోయారు.

ఇక్కడ తెలుగు పాఠకులు ఒకటి ఆలోచించాలి. ఆ వదులు పైజామా మనం రోజూ చూసే సల్వారుకు దగ్గరి చుట్టం. మన ఊళ్లో అమ్మాయి సల్వారు వేసుకుని కాలేజీకి వెళితే అది సాదా, ఒద్దికైన వేషం. డౌన్‌టన్ హాలులో అదే తిరుగుబాటు. అర్థం బట్టలో లేదు. ఆ బట్టకూ అక్కడి నియమానికీ మధ్య ఉన్న సంబంధంలో ఉంది. అందుకే ఏ దుస్తులను విశ్లేషించాలన్నా ముందు నియమం తెలియాలి.

9.4.3 టామ్ బ్రాన్సన్: ఒక మనిషి, నాలుగు వేషాలు

ఆ కిటికీ అవతల నిలబడిన బ్రాన్సన్ ఐర్లండు వాడు. ప్రభువుల పెత్తనాన్ని అంగీకరించనివాడు. అతన్ని మనం మొదట డ్రైవరు యూనిఫాంలో చూస్తాం. తరువాత సిబిల్ అతన్ని ప్రేమించి పెళ్లి చేసుకుంటుంది. 1920లో మేరీ పెళ్లికి ఇద్దరూ డౌన్‌టన్‌కు వస్తారు. అల్లుడి హోదాలో భోజనానికి కూర్చున్న బ్రాన్సన్ టెయిల్‌కోటు వేసుకోడు. మామూలు సూటుతోనే వస్తాడు. ఆ కోటును అతను ఆ వర్గం యూనిఫాం అనుకున్నాడు. మేరీ పెళ్లికి మాత్రం ఇంటి పెద్దావిడ పట్టుబట్టి అతనికి పగటి వేడుకల కోటు తొడిగిస్తుంది. సిబిల్ ప్రసవ సమయంలో చనిపోయాక అతను ఆ ఎస్టేటు వ్యవహారాలు చూసే బాధ్యత తీసుకుంటాడు. క్రమంగా అందరిలాగే టెయిల్‌కోటుతో భోజనానికి దిగడం మొదలుపెడతాడు.

యూనిఫాం, మామూలు సూటు, ఒత్తిడితో వేసుకున్న కోటు, అలవాటైన టెయిల్‌కోటు. ఈ నాలుగింటినీ వరుసగా పెట్టి చూడండి. బ్రాన్సన్ ఎదిగాడా, లొంగిపోయాడా? కూతురి కోసం, చనిపోయిన భార్య ఇంటివాళ్ల కోసం సర్దుకున్నాడా? ధారావాహిక ఒకే జవాబు ఇవ్వదు. వర్గం మారిన మనిషికి ఏం దక్కుతుంది, ఏం పోతుంది అన్న ప్రశ్నను దుస్తుల ద్వారా మన ముందు పెడుతుంది. పల్లె నుంచి పట్నానికి, ఒక వృత్తి నుంచి మరో వృత్తికి మారిన కుటుంబాల్లో పుట్టిన మీలో చాలామందికి ఈ ప్రశ్న దూరమైనది కాదు.

9.4.4 యుద్ధకాలం: ఒకే ఖాకీ, వేర్వేరు అర్థాలు

రెండో సిరీస్‌లో యుద్ధం వస్తుంది. ఇంటి వారసుడు మాథ్యూ ఖాకీ వేసుకుని ఫ్రాన్స్ కందకాల్లో పోరాడతాడు. రాబర్ట్‌కు ఒక స్వచ్ఛంద దళానికి గౌరవ కల్నల్ పదవి వస్తుంది. తానూ యుద్ధానికి వెళతానని ఆయన ఆశపడతాడు. అది పేరుకు మాత్రమే ఇచ్చిన పదవి అని తెలిసి కుంగిపోతాడు. ఇద్దరిదీ సైనిక వేషమే. ఒకరి మీద అది ప్రాణాపాయం, మరొకరి మీద అక్కరకు రాని వయసు.

ఇక యూనిఫాం లేకపోవడం కూడా ఒక గుర్తు అయింది. సైన్యంలో చేరని యువకులకు పిరికితనానికి గుర్తుగా స్త్రీలు తెల్ల ఈకలు ఇచ్చే ఆచారం అప్పటి బ్రిటన్‌లో నిజంగా ఉండేది. ధారావాహికలో విలియం అనే యువ నౌకరుకు నలుగురిలో అటువంటి ఈక అందుతుంది. అతనికి సైన్యంలో చేరాలనే ఉంది. చేరనివ్వనిది అతని తండ్రి భయం. చూసేవారికి దుస్తులు కనిపిస్తాయి, వాటి వెనక కారణం కనిపించదు. ఈ సంగతి 9.7లో మళ్లీ వస్తుంది.

9.4.5 మేరీ: నలుపు నుంచి లేత ఊదాకు

మూడో సిరీస్ చివర మాథ్యూ కారు ప్రమాదంలో మరణిస్తాడు. నాలుగో సిరీస్ 1922లో మొదలయ్యేటప్పటికి అతని భార్య మేరీ తల నుంచి పాదాల వరకు నలుపులో ఉంటుంది. ఆ సమాజంలో వితంతువు మొదట పూర్తి నలుపు, కొంతకాలం తరువాత బూడిదరంగు, లేత ఊదా వంటి రంగులు వేసుకునేది. రెండో దశను అర్ధసంతాపం అనేవారు. పరిచారిక ఆనా నల్ల శాలువా కావాలా, ఊదా శాలువా కావాలా అని అడిగితే మేరీ నలుపే తీసుకుంటుంది. కౌలురైతులతో జరిగే భోజన సమావేశానికి ఆమె ఊదారంగు దుస్తుల్లో వచ్చేటప్పటికి, ఎస్టేటు వ్యవహారాల్లో పాలుపంచుకోవడానికి సిద్ధపడిందని మనకు అర్థమవుతుంది. పెద్ద ఉపన్యాసం ఏమీ లేదు. రంగు మారింది, అంతే.

మన ప్రాంతంలో వితంతువు బొట్టు, గాజులు, పూలు, రంగు చీరలు వదులుకోవాలన్న ఆచారం మీకు తెలుసు. రెండు చోట్లా సమాజం స్త్రీ దుఃఖానికి దుస్తులు నిర్ణయించింది. భర్త పోయిన స్త్రీకి ఉన్నంత కట్టడి భార్య పోయిన పురుషుడికి రెండు చోట్లా లేదు. అయితే ఇంగ్లండు నియమంలో గడువు ఉంది, తిరిగి రంగుల్లోకి వచ్చే దారి ఉంది. మన ఆచారం ఆ దారి మూసి, జీవితాంతం అన్నది. మేరీ ఊదా దుస్తులు మనకు ఎందుకు అంత ఊరటగా అనిపిస్తాయో ఈ పోలిక వల్ల మరింత తెలుస్తుంది.

9.4.6 మిసెస్ హ్యూస్ పెళ్లి కోటు

ఆరో సిరీస్‌లో కార్సన్, మిసెస్ హ్యూస్ పెళ్లి చేసుకోబోతారు. జీవితమంతా నల్ల గౌనుల్లో గడిపిన హ్యూస్ దగ్గర పెళ్లికి తగిన దుస్తులు లేవు. కోరా కోట్లలో ఒకటి ఆమె వేసుకోవచ్చని మేరీ చెబుతుంది. హ్యూస్, వంటమనిషి, ఆనా కలిసి కోరా పడకగదిలో ఆ కోటు తొడిగి చూస్తుండగా కోరా వస్తుంది. విషయం తెలియక, నౌకర్లు తన బట్టలు వేసుకుని చూస్తున్నారనుకుని కోప్పడుతుంది. తరువాత నిజం తెలిసి, క్షమాపణ చెప్పి, ఆ కోటు హ్యూస్‌కే ఇచ్చేస్తుంది.

ఆరు సిరీస్‌ల పాటు కోరాను మనం దయగల యజమానురాలిగా చూశాం. హ్యూస్‌ను గౌరవనీయురాలిగా చూశాం. ఆ గౌరవం, ఆ దయ ఎంత పలుచని నేల మీద నిలబడ్డాయో ఒక్క కోటు బయటపెట్టింది. ఎవరి దుస్తులు ఎవరు వేసుకోవచ్చు అన్న నియమాన్ని తాకగానే యజమాని, నౌకరు అన్న సంబంధం పైకి వచ్చింది. ఈ ధారావాహికలో ఒక్క దుస్తుల సన్నివేశాన్నే ఎంచుకుని పరీక్షలో రాయవలసి వస్తే ఇది మంచి ఎంపిక.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

అ) సిబిల్ వేసుకున్న దుస్తులు ఆ ఇంట్లో ఎందుకు సంచలనం కలిగించాయి?
ఆ) అర్ధసంతాపం అంటే ఏమిటి?

9.5 మరొక ఉదాహరణ: 'మ్యాడ్ మెన్'

డౌన్‌టన్‌లో నియమాలు బహిరంగంగా ఉన్నాయి. నియమాలు ఎవరూ రాసిపెట్టని చోట ఏం జరుగుతుంది? 2007 నుంచి 2015 వరకు అమెరికాలో 92 భాగాలుగా ప్రసారమైన 'మ్యాడ్ మెన్' చూద్దాం. దుస్తుల రూపకర్త జేనీ బ్రయంట్. కథ 1960లో న్యూయార్క్‌లోని ఒక ప్రకటనల ఆఫీసులో మొదలై 1970లో ముగుస్తుంది.

కథానాయకుడు డాన్ డ్రేపర్ చక్కగా ఇస్త్రీ చేసిన బూడిదరంగు సూటులో ఉంటాడు. మొదటి భాగంలోనే అతని ఆఫీసు సొరుగులో మడత నలగని తెల్ల చొక్కాలు పేర్చి ఉండడం చూస్తాం. రాత్రి ఎక్కడ గడిపినా పొద్దున్నే కొత్త మనిషిలా కనిపించడానికి అవి సిద్ధంగా ఉన్నాయి. తరువాత తెలుస్తుంది, డాన్ డ్రేపర్ అన్నది అసలు అతని పేరే కాదని. కొరియా యుద్ధంలో చనిపోయిన అధికారి పేరును అతను తనదిగా చేసుకున్నాడు. పదేళ్లలో ఆఫీసులో అందరికీ మీసాలు, గడ్డాలు, రంగుల చొక్కాలు వచ్చినా డాన్ దాదాపు అదే సూటులో ఉంటాడు. కవచాన్ని తీయడం అతనికి సులభం కాదు.

పెగీ ఓల్సన్ అదే ఆఫీసులో సెక్రటరీగా చేరి ప్రకటనల రచయిత్రి అవుతుంది. మొదట్లో ఆమె దుస్తులు బడిపిల్ల దుస్తుల్లా ఉంటాయి. రెండో సీజన్‌లో పురుషులు సాయంత్రం క్లబ్బుల్లో కూర్చుని ఆఫీసు నిర్ణయాలు తీసుకుంటూ, ఆమెను పిలవరు. తన మాటకు విలువ కావాలంటే చిన్నపిల్లలా తయారవడం మానుకోమని తోటి ఉద్యోగిని జోన్ సలహా ఇస్తుంది. పెగీ మెడ లోతుగా ఉన్న మెరుపు గౌను వేసుకుని ఆ క్లబ్బుకు వెళుతుంది. లోపలికి చేరగలిగింది. కానీ ఏ వెల చెల్లించి చేరింది? పురుషుడికి ఒక సూటు చాలిన చోట, స్త్రీ ఏది వేసుకున్నా తప్పే అయ్యే పరిస్థితిని ఆ గౌను చూపిస్తుంది. రాసిపెట్టని నియమం రాసిపెట్టినదాని కంటే కఠినంగా ఉండగలదు.

9.6 దుస్తులను విశ్లేషించే పద్ధతి

పై ఉదాహరణల్లో మనం అనుసరించిన పద్ధతిని ఐదు ప్రశ్నలుగా గుర్తుంచుకోండి.

1. నియమం: ఆ కాలంలో, ఆ చోట, ఆ పూట, ఆ మనిషి ఏం వేసుకోవాలి?
2. తేడా: ఈ పాత్ర ఆ నియమానికి ఎంత దగ్గర, ఎంత దూరం?
3. ఎంపిక: ఆ దుస్తులను ఎవరు ఎంచుకున్నారు? పాత్రా, యజమానా, సమాజమా, పేదరికమా?
4. మార్పు: ముందు దృశ్యాలతో పోలిస్తే ఏది మారింది, ఏది మారలేదు?
5. ఇతరుల స్పందన: ఆ దుస్తులను కథలోని మిగతావారు ఎలా చూశారు?

వీటిలో మూడో ప్రశ్నను విద్యార్థులు ఎక్కువగా వదిలేస్తారు. "పనిమనిషి నల్ల గౌను వేసుకుంది, కనుక ఆమె నిరాడంబర" అని రాస్తారు. ఆ గౌను ఆమె ఎంచుకున్నది కాదు కదా. యూనిఫాం వేసుకున్న పాత్రల స్వభావం కావాలంటే వారి చేతిలో మిగిలిన చిన్న స్వేచ్ఛను చూడాలి. జుట్టు ముడిచిన తీరు, టోపీ పెట్టుకున్న తీరు, సెలవురోజు వేసుకున్న బట్టలు అక్కడ ఆధారాలు.

9.7 విశ్లేషణలో తీసుకోవలసిన జాగ్రత్తలు

మొదటిది, ప్రతి గుండీకీ అర్థం వెతకవద్దు. డబ్బు, సమయం, నటుల సౌకర్యం, దొరికిన బట్ట కూడా దుస్తులను నిర్ణయిస్తాయి. ఒక వివరం కథలో మళ్లీ మళ్లీ వస్తేనో, పాత్రలే దాన్ని గుర్తిస్తేనో దాని మీద వాదన నిలబెట్టండి.

రెండోది, మిగిలిన ఆధారాలన్నీ సమానంగా మిగలలేదు. ధనవంతుల పట్టుదుస్తులను భద్రపరిచారు. పేదల బట్టలు చిరిగేదాకా వాడి, ఆపైన గుడ్డపీలికలుగా వాడుకున్నారు. అందువల్ల మ్యూజియంలలో కలవారి చరిత్రే ఎక్కువ. పేదవారి దుస్తులను పునర్నిర్మించడంలో ఊహకు ఎక్కువ చోటు ఉంటుంది.

మూడోది, అందం కొన్నిటిని కప్పేస్తుంది. ఆ పూసల పని, ఆ గంజి, ఆ ఇస్త్రీ వెనక ఎన్ని చేతులు ఉన్నాయో అడగకపోతే మన విశ్లేషణ సగమే.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ధారావాహికలో ప్రతి దుస్తులనూ పాత్రను తెలియజేయడానికే ఒకరు ఆలోచించి పెట్టారు. జీవితంలో అలా ఎవరూ పెట్టరు. బస్సులో మీ పక్కన కూర్చున్న మనిషి వెలిసిన చొక్కా అతని ఆదాయం గురించి కొంత చెబుతుందేమో, అతని గుణం గురించి ఏమీ చెప్పదు. విలియంకు తెల్ల ఈక ఇచ్చినవారు చేసింది సరిగ్గా ఈ పొరపాటే. తెర మీది దుస్తులను చదవడం నేర్చుకున్నవారు, తెర బయట తొందరపడి చదవకుండా ఉండడం కూడా నేర్చుకోవాలి.

9.8 సారాంశం

కాలనేపథ్య ధారావాహికలో దుస్తులు కాలాన్ని, పాత్రను రెండింటినీ తెలియజేస్తాయి. కాలం పెట్టిన నియమానికీ పాత్ర వేసుకున్నదానికీ మధ్య ఉన్న సంబంధంలో పాత్ర స్వభావం కనిపిస్తుంది. 'డౌన్‌టన్ ఆబీ'లో సిబిల్ నియమాన్ని దాటింది. బ్రాన్సన్ మొదట కాదన్న నియమానికి క్రమంగా అలవాటు పడ్డాడు. మేరీ నియమం ఇచ్చిన దారిలోనే తన నిర్ణయం తెలిపింది. హ్యూస్ కోటు యజమాని-నౌకరు సంబంధాన్ని బయటపెట్టింది. 'మ్యాడ్ మెన్'లో రాసిపెట్టని నియమాలు డాన్‌కు కవచాన్ని, పెగీకి చిక్కుముడిని ఇచ్చాయి. నియమం, తేడా, ఎంపిక, మార్పు, స్పందన అన్న ఐదు ప్రశ్నలతో ఏ ధారావాహికనైనా విశ్లేషించవచ్చు.

9.9 ముఖ్య పదాలు

ఆహార్యం: దుస్తులు, ఆభరణాలు, ముఖవర్ణాల ద్వారా జరిగే అభినయం.
కార్సెట్: శరీరాకృతిని ఒక రూపానికి తేవడానికి బిగించి కట్టే లోదుస్తు.
టెయిల్‌కోటు: వెనక భాగం రెండు తోకలుగా వేలాడే లాంఛనప్రాయమైన కోటు.
అర్ధసంతాపం: పూర్తి నలుపు తరువాత బూడిద, ఊదా రంగులు ధరించే సంతాప దశ.
పాతబరచడం: కొత్త బట్ట వాడినదిలా కనిపించేలా చేయడం.

9.10 కృత్యం

మీ ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో ఉన్న పాత ఫొటో ఒకటి తీసుకోండి. పెళ్లి ఫొటో అయితే మరీ మంచిది. అందులోని ఒకరి దుస్తులను 9.6లోని ఐదు ప్రశ్నలతో పరిశీలించి ఒక పేజీ రాయండి. ఆ తరువాత ఇంట్లో పెద్దవారిని అడగండి: ఆ చీర ఎవరు కొన్నారు? ఆ నగ సొంతమా, ఎరువు తెచ్చినదా? ఆ కోటు ఫొటో స్టూడియోవారిదా? మీ ఊహకూ వారి జవాబుకూ ఎక్కడ తేడా వచ్చిందో చివర రాయండి.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు

1. అ) కథ జరిగే కాలాన్ని తెలియజేయడం, పాత్రను తెలియజేయడం.
ఆ) బట్ట కొత్తగా కనిపిస్తే పాత్ర దాన్ని రోజూ వాడుతున్నట్టు నమ్మకం కలగదు కనుక.

2. అ) ప్రభువు కూతురు రాత్రి భోజనానికి గౌను వేసుకోవాలన్న నియమాన్ని దాటి పైజామా తరహా దుస్తుల్లో వచ్చింది కనుక.
ఆ) వితంతువు పూర్తి నలుపు తరువాత బూడిదరంగు, లేత ఊదా వంటి రంగులు ధరించే దశ.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. కాలనేపథ్య ధారావాహికల్లో దుస్తులు పాత్రను ఎలా తెలియజేస్తాయో ఉదాహరణలతో వివరించండి.
2. టామ్ బ్రాన్సన్ దుస్తుల్లో వచ్చిన మార్పుల ఆధారంగా ఆ పాత్ర ఎదిగిందా, లొంగిపోయిందా? మీ అభిప్రాయాన్ని కారణాలతో సమర్థించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. దుస్తుల రూపకర్త పనిలోని దశలను తెలపండి.
2. యూనిఫాం వేసుకున్న పాత్రను విశ్లేషించేటప్పుడు ఏయే అంశాలను గమనించాలి?
3. పేదల దుస్తుల చరిత్రకు ఆధారాలు తక్కువగా మిగలడానికి కారణం ఏమిటి?